లెన్సు తిరిగి ఇచ్చేసే ముందు

మీ ప్రశ్న సారాంశం ఇది. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో 85 ఎంఎం, ఎఫ్ 1.4 మాన్యువల్ లెన్సు కొన్నారు, అంటే ఫోకస్ చేత్తోనే చేయాలి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే ద్వారం అంత పెద్దది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టర్‌తో బిగించారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర మీ చెల్లెలిని 40 ఫొటోలు తీస్తే నాలుగింటిలోనే కన్ను పదునుగా వచ్చింది. లోపం లెన్సుదా, అడాప్టర్‌దా, మీ కళ్ళజోడుదా అని అడిగారు. దుకాణదారు ఇచ్చిన గడువు ఇంకా వారం ఉంది, తిరిగి ఇచ్చేయమంటారా అన్నారు.

ఇప్పుడే ఇవ్వకండి. మీరు పెట్టిన ఆరు ఫొటోలనూ పెద్దవి చేసి చూశాను. ఒకదానిలో ముక్కు కొన పదునుగా ఉంది. ఇంకొకదానిలో చెవి జూకా, మూడోదానిలో జడలోని మల్లెలు. అంటే ఫోకస్ ఒకసారి కంటికి ముందు పడింది, ఇంకోసారి వెనక పడింది. లోపమున్న పరికరం ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది. తూకపు రాయి అరిగితే ప్రతిసారీ తక్కువే తూగుతుంది కానీ ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా తూగదు. అటూ ఇటూ తప్పేది మనిషి. పైగా మిర్రర్‌లెస్ కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కనిపించేది సెన్సర్ మీద పడుతున్న బొమ్మే. తప్పుదారి పట్టించడానికి మధ్యలో అద్దమూ లేదు, వేరే ఫోకస్ తెరా లేదు. అడాప్టర్ మందం కాస్త తేడాగా ఉన్నా చెడేవి లెన్సు మీద చెక్కిన దూరపు అంకెలూ, అనంతం దగ్గరి, అంటే చాలా దూరపు దృశ్యాల, ఫోకసూ మాత్రమే. మీటరున్నర దూరంలో ఉన్న ముఖానికి ఏమీ కాదు. అడాప్టర్ వదులై లెన్సు ఊగుతుంటే మాత్రం అది వేరే సంగతి, దాన్ని మార్చాల్సిందే.

ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఫోకస్ కుదరడం లేదని వచ్చే వాళ్ళలో చాలామందికి ఫోకస్ కుదురుతూనే ఉంటుంది. కుదిరిన తరువాత, బటన్ నొక్కే లోపల జారిపోతుంది. మీదీ అదే జబ్బు అని నా అనుమానం. కాబట్టి నేను చెప్పబోయేదంతా ఆ రెంటి మధ్య ఉండే కాస్త సమయం గురించే.

ముందు ఎంత మేర జారితే తప్పవుతుందో తెలియాలి. 85 ఎంఎం లెన్సును ఎఫ్ 1.4లో పెట్టి మీటరున్నర దూరంలోని ముఖాన్ని తీస్తే, పదునుగా కనిపించే పొర మందం ముందూ వెనకా కలిపి సుమారు 2.5 సెంటీమీటర్లు. ఒక్క అంగుళం. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అని మీరు చదివి ఉంటారు. మా ఉస్తాద్ దాన్ని పొర అనేవారు, నాకూ ఆ మాటే అలవాటైంది. మీటరు దూరానికి దగ్గరైతే పొర సెంటీమీటరుకు పడిపోతుంది. రెండు మీటర్లకు వెనక్కి జరిగితే నాలుగున్నర సెంటీమీటర్లు అవుతుంది. దూరం రెట్టింపైతే పొర నాలుగింతలకు పైనే పెరిగిందన్నమాట. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఎంత కలిసివస్తుందో దీన్నిబట్టి చూడండి.

ఈ అంగుళం కూడా ఉదారంగా వేసిన లెక్కే. ఫొటోను మామూలు సైజులో అచ్చువేసి చేతిలో పట్టుకుని చూస్తే, నెగటివ్ మీద 0.03 మిల్లీమీటర్ల మసక వలయం కూడా కంటికి చుక్కలాగే కనిపిస్తుందని ఫిల్ము రోజుల్లో పెట్టుకున్న ప్రమాణం అది. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 0.006 మిల్లీమీటర్లు. అంటే ఆ వలయంలో అడ్డంగా ఐదు పిక్సెళ్ళు పడతాయి. మీరేమో కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దది చేసి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెడుతున్నారు. మసక రెండు పిక్సెళ్ళకు మించకూడదని పట్టుబడితే అంగుళం కాస్తా సెంటీమీటరు అవుతుంది. నలభైకి నాలుగు అని మీరు తేల్చింది ఆ కొలతతోనే. ఇంట్లో వాళ్ళకు ఫోనులో చూపించి ఉంటే పదిహేను దాకా బాగున్నాయనేవారేమో.

ఆ సెంటీమీటరులో ముఖాన్ని ఇరికించాలి. పెద్దవాళ్ళలో రెండు కనుపాపల మధ్య దూరం 6 సెంటీమీటర్ల పైచిలుకు. ముఖం నేరుగా ఉంటే రెండు కళ్ళూ ఒకే పొరలో ఉంటాయి. 30 డిగ్రీలు పక్కకు తిప్పితే ఒక కన్ను రెండోదానికన్నా 3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. మీ చెల్లెలు మీరు పెట్టిన వాటిలో నాలుగింటిలో అలాగే నిలబడింది. ఆ భంగిమలో ఎఫ్ 1.4తో రెండు కళ్ళూ పదునుగా రావాలంటే లెక్కలతో పోట్లాడటమే. మీకు దగ్గరగా ఉన్న కన్నును పట్టుకోండి, రెండోదాని మీద ఆశ వదలండి.

మన ఆడవాళ్ళ ఫొటోల్లో ఒక ఉచ్చు ఉంది: బొట్టు. ముఖం మొత్తం మీద అంత స్పష్టమైన అంచు ఇంకెక్కడా ఉండదు కాబట్టి చూపు ముందు దాని మీదికే పోతుంది. ఫోకస్ అక్కడ కుదురుతుంది, హాయిగా నొక్కేస్తాం. కానీ కనుబొమల మధ్య నుదురు కంటికన్నా ముందుకు ఉంటుంది. ముఖాన్నిబట్టి సుమారు సెంటీమీటరు. మన దగ్గర ఉన్న పొర మొత్తం అంతే కదా. బొట్టు ముద్రలా వస్తుంది, కళ్ళు కలల్లో ఉంటాయి. కళ్ళద్దాలతో కూడా ఇదే కథ. అద్దం సాధారణంగా కంటికి 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందుంటుంది. మా పెద్దమ్మ ఎనభయ్యో పుట్టినరోజున నేను తీసిన ఫొటోలో ఆమె కళ్ళజోడు ఫ్రేము మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. కళ్ళు మాత్రం లేవు. ఆ ఫొటోను మా అన్నయ్య లామినేషన్ చేయించి హాల్లో పెట్టాడు, వెళ్ళినప్పుడల్లా నాకు శిక్ష.

కాటుక పెట్టుకుని ఉంటే మాత్రం అది మీకు మిత్రుడు. కింది రెప్ప అంచున కాటుక గీత నల్లగా, సన్నగా, దాదాపు కంటి లోతులోనే ఉంటుంది. నేను మొదట చూసేది దాన్నే. కాటుక లేకపోతే కనుపాపలో మెరిసే కిటికీ వెలుతురు చుక్కను చూడండి. ఆ చుక్క ఎంత చిన్నగా, ఎంత గట్టిగా కనిపిస్తే ఫోకస్‌కు అంత దగ్గరలో ఉన్నట్టు.

ఇక జారిపోయే సమయం సంగతి. ఇది కొత్త బాధ కాదు. పోర్ట్రెయిట్ల కోసమని పెట్జ్‌వాల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1840లో లెక్కకట్టి రూపొందించిన లెన్సు అపర్చర్, అంటే వెలుతురు వచ్చే ద్వారం, సుమారు ఎఫ్ 3.6. అప్పటికి అంత వెలుతురు రానివ్వడమే గొప్ప. ఆ తరం కెమెరాల్లో నల్లగుడ్డ కప్పుకుని, గరుకు గాజు పలక మీద తలకిందులుగా పడిన బొమ్మను చూసి ఫోకస్ చేసేవారు. తరువాత లెన్సుకు మూత పెట్టి, ప్లేటు అమర్చి, దాని పలక లాగి, అప్పుడు తీయాలి. ఈ తతంగం జరిగేంతసేపూ కూర్చున్న మనిషి వెంట్రుకవాసి కదలకూడదు. అందుకే ఆనాటి స్టూడియోల్లో తల వెనక, కెమెరాకు కనిపించకుండా, ఇనుప ఊత పెట్టేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ మన హైదరాబాదులో 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అదంతా గాజు ప్లేట్ల కాలమే. నాటి చిత్రాల్లో మనుషులు మేకు కొట్టినట్టు కూర్చుని కనిపించడానికి ఈ ఊత కూడా ఒక కారణం. సమస్యను వాళ్ళు మనిషిని బిగించి తీర్చుకున్నారు. మీ చెల్లెలి మెడకు ఇనుప ఊత పెట్టలేం కదా.

నేను 1989లో నారాయణగూడలో ఒక చిన్న స్టూడియోలో సహాయకుడిగా చేరాను. అప్పటి ఫిల్ము కెమెరాల తెర మధ్యలో ఒక చిన్న వృత్తం ఉండేది, అడ్డంగా రెండు ముక్కలుగా. ఫోకస్ తప్పితే ఆ వృత్తంలో పడిన గీత పై సగం ఒకవైపు, కింది సగం ఇంకోవైపు జరిగి కనిపించేది. బొట్టు మీద పెడితే రెండు అరచందమామలు. అవి ఒకదానికింద ఒకటి చేరితే పని అయినట్టు. నేను లెన్సు మీది ఫోకస్ రింగును అటూ ఇటూ తిప్పుతూ చందమామలను కలుపుతూ ఉండేవాణ్ణి. కలిసేసరికి పెళ్ళికూతురు తల తిప్పేది. ఒకరోజు ఉస్తాద్ నా చేయి పట్టుకుని రింగు మీద నుంచి తీసేశారు. "రింగుతో దగ్గరి దాకా వెళ్ళు బేటా, మిగిలింది నడుముతో" అన్నారు. నాకు తెలిసిన మాన్యువల్ ఫోకస్ అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

దాని అర్థం విప్పి చెబుతాను. నిలబడిన మనిషి నిశ్చలంగా ఉన్నాననుకుంటాడు కానీ ఊపిరితోనే ముందుకూ వెనక్కీ ఊగుతుంటాడు. మీరు సెంటీమీటరు ఊగుతారు, ఎదుటి మనిషి సెంటీమీటరు ఊగుతుంది. ఆ మధ్యలో మీరు రింగు తిప్పుతూ కదిలే గుర్తును వెంటాడుతున్నారు. రింగు పదునైన చోటికి చేరిందని కన్ను గుర్తించి, బుర్ర ఒప్పుకుని, వేలు నొక్కేసరికి ఆ చోటు మారిపోయి ఉంటుంది. ఇంత జాప్యం ఉన్న చోట రింగును ఇంకా జాగ్రత్తగా తిప్పితే జాప్యం ఇంకా పెరుగుతుంది. మీరు పడుతున్న కష్టమే మీ ఫొటోలను పాడుచేస్తోంది.

కాబట్టి వరస మార్చండి. ఫ్రేము ముందే సరిచూసుకోండి. రింగు తిప్పి కన్ను దాదాపు పదునయ్యే దాకా తీసుకురండి. అక్కడ రింగు వదిలేయండి, అంటే చేతిని లెన్సు కిందే ఉంచి తిప్పడం మాత్రం మానేయండి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి వేసి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, శరీరం బరువును వెనక పాదం మీద నుంచి ముందు పాదం మీదికి మెల్లగా మార్చండి. పొర మీతోపాటు ముందుకు జరుగుతుంది. కనుపాప మెరుపు గట్టిపడటం మొదలవుతుండగానే నొక్కడం మొదలుపెట్టి, మూడు నాలుగు ఫొటోలు వరసగా తీయండి. పూర్తిగా పదునయ్యాక నొక్కుదామని ఆగితే ఆలస్యమే. ముగ్గులో చుక్కలను కలిపేటప్పుడు చేయి ఆగదు చూడండి, అలాంటి కదలిక ఇది. ఐదింటిలో ఒకటో రెండో నూరు శాతం పదునుగా వస్తే మీరు బాగా తీస్తున్నట్టే. చేత్తో పట్టుకుని ఎఫ్ 1.4తో పదికి పది కొడతానని ఎవరైనా చెబితే, వాళ్ళు తీసేసిన ఫొటోలు చూపించమనండి.

ఎదుటివాళ్ళను కూడా కాస్త నిలకడగా ఉంచాలి. నిలబెట్టకండి, కూర్చోబెట్టండి. కూర్చుంటే ఊగడం బాగా తగ్గుతుంది. సమాధుల దగ్గర మెట్లున్నాయి, తోరణాల గోడలున్నాయి. వీపో భుజమో ఆనించమంటే చాలు. "కదలకు" అని మాత్రం అనకండి. అన్న క్షణం నుంచి మనిషి ఊపిరి బిగబట్టి, తరువాత పెద్దగా వదిలి, రెండు అంగుళాలు కదులుతుంది.

మీ కెమెరాలోని సాయాల గురించి అడిగారు. బొమ్మను పెద్దది చేసి చూపించే సౌకర్యమే అన్నిటికన్నా నమ్మదగినది. కానీ ఏ చోటు పెద్దదవుతుందో చూపే పెట్టెను మధ్యలో వదిలేయకుండా ఫ్రేములో కన్ను ఉండే చోటికే జరిపి పెట్టుకోండి. మధ్యలో ఫోకస్ చేసి తరువాత కెమెరా వంచితే ఏమవుతుందో చెబుతాను. మీటరున్నర దూరంలో, నిలువు ఫ్రేములో కన్నును పైభాగానికి తేవడానికి కెమెరాను 8 డిగ్రీలు వంచారనుకుందాం. అప్పుడు ఫోకస్ తలం కంటికి సుమారు 15 మిల్లీమీటర్లు వెనక పడుతుంది. అంగుళం పొరలో సగం 12 మిల్లీమీటర్లే. మీ ఫొటోల్లో జూకాలు అంత బాగా రావడానికి సగం కారణం ఇదేనని నా అంచనా. పది రెట్లు పెద్దది చేస్తే ఊగడమే కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. ఐదు రెట్ల దగ్గర ఆగండి. పెద్ద చేసిన బొమ్మ నుంచి పూర్తి ఫ్రేముకు తిరిగివచ్చి, ఒకసారి చూసుకుని, అప్పుడు నొక్కడం కూడా మానండి. ఆ చూసుకోవడంలోనే అర క్షణం పోతుంది. ఫ్రేము ముందే సరిచూసుకోమన్నది ఇందుకే.

ఫోకస్ పీకింగ్, అంటే పదునైన అంచుల మీద ఎర్రటి రంగు వేసి చూపించేది, పెళ్ళి ఫొటోల్లో నాకు అంతగా గిట్టదు. అది వెతికేది పదును కాదు, వెలుగు చీకట్ల మధ్య తేడా. జరీ అంచు, ముక్కుపుడక, గాజులు కనిపిస్తే ఫోకస్ కాస్త అటూ ఇటూ ఉన్నా నిప్పంటుకున్నట్టు ఎర్రబడిపోతాయి. మెత్తటి చర్మం, కనుపాప మీద ఏమీ చూపించదు. లాడ్ బజారులో గాజుల దుకాణం ముందు ఒకసారి ఆన్ చేసి చూడండి, తెర నిండా కుంకుమ చల్లినట్టుంటుంది. వాడాలనుకుంటే తీవ్రతను అన్నిటికన్నా తక్కువలో పెట్టి, తెర మీది బొమ్మను నలుపు తెలుపులోకి మార్చుకోండి. కెమెరా దాచే ముడి ఫైలులో (రా ఫైలు) రంగులు ఎలాగూ ఉంటాయి. పీకింగ్‌తో దగ్గరి దాకా వచ్చి, చివరి సెంటీమీటరు పెద్ద చేసిన బొమ్మలో చూసి, నడుముతో తీర్చుకోవడం నా పద్ధతి.

కళ్ళజోడు ప్రశ్నకు చిన్న జవాబు. వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. కళ్ళజోడు పెట్టుకునే తీస్తారా, తీసేసి తీస్తారా అన్నది ఒక్కసారి తేల్చుకోండి. తరువాత ఎదుటి దృశ్యాన్ని కాకుండా, వ్యూఫైండర్‌లో కనిపించే షట్టర్ అంకెలు పదునుగా కనిపించే దాకా ఆ చక్రం తిప్పండి. నలభై ఐదు దాటాక నాకు చత్వారం వచ్చింది. ఏడాదిపాటు లెన్సును తిట్టాను. చివరికి చక్రం రెండు గీతలు తిప్పితే సరిపోయింది.

అద్దం ఉన్న డీఎస్ఎల్‌ఆర్‌తో ఇలాంటి లెన్సు వాడే వాళ్ళు ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. ఆటోఫోకస్ కాలపు వ్యూఫైండర్ తెరలను వెలుతురు ఎక్కువ కనిపించేలా తయారుచేశారు. దాంతో అవి ఎఫ్ 1.4 లెన్సు పెట్టినా దాదాపు ఎఫ్ 2.8 పొరనే కంటికి చూపిస్తాయి. వ్యూఫైండర్‌లో పదునుగా ఉన్నది ఫొటోలో ఉండదు. అక్కడ మీ కన్నును నమ్మకండి, వెనక తెర మీద లైవ్ వ్యూలో చూసి తీయండి.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఫొటోల్లో మూడు తెల్లగా పేలిపోయాయి. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరును చెప్పే అంకె) 100 దగ్గర ఎఫ్ 16కి షట్టర్ 1/125 అన్నది పాత సూత్రం. ఎఫ్ 1.4 అంటే దానికి ఏడు మెట్లు (మెట్టు మెట్టుకూ రెట్టింపు) ఎక్కువ వెలుతురు, కాబట్టి 1/16000 కావాలి. మీ కెమెరా మెకానికల్ షట్టర్ 1/8000 దగ్గరే ఆగిపోతుంది. మూడు మెట్లు తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ బిగిస్తే 1/2000తో పని జరుగుతుంది. లేదా ఉదయం ఏడింటికే వెళ్ళండి, తోరణాల నీడలో తీయండి. మన ఊళ్ళో ఏప్రిల్ మధ్యాహ్నం పూట ఫొటో తీసేవాడికీ దిగేవాడికీ ఇద్దరికీ చెమటే మిగులుతుంది. సాయంత్రం చార్మినార్ వైపు వెళ్ళి దుకాణాల దీపాలను వెనక పెట్టుకునే పక్షంలో షట్టర్ 1/100 చుట్టుపక్కల ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంటాయి. వేగం పెంచితే ఫొటోలో చారలు పడతాయి. ఆ వేగంలో చేతి వణుకు కనిపించకూడదంటే కెమెరా స్టెబిలైజర్‌కు 85 అని మీరే చెప్పాలి, పాత లెన్సు తన సంగతి తాను చెప్పుకోలేదు. ముందుకూ వెనక్కీ ఊగడాన్ని మాత్రం స్టెబిలైజర్ సరిచేస్తుందని ఆశపడకండి.

ఇంతకీ అంతా ఎఫ్ 1.4లోనే ఎందుకు తీస్తున్నారు? వెనక మసక కోసం అంటారు. దానికి ఒక మంచి లెక్క ఉంది. లెన్సు ద్వారం వ్యాసం 85ను 1.4తో భాగిస్తే వస్తుంది, సుమారు 6 సెంటీమీటర్లు. చాలా దూరాన ఉన్న ఒక దీపపు చుక్క, ముఖం ఉన్న చోటి కొలతలో చూస్తే, సరిగ్గా అంత వెడల్పు వలయంగా మారుతుంది. దీపం దగ్గరయ్యే కొద్దీ వలయం చిన్నదవుతుంది. కెమెరా నుంచి మనిషి మీటరున్నర దూరంలో, వెనక గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్ 1.4లో ఆ వలయం 3 సెంటీమీటర్లే. అదే మనిషిని గోడ నుంచి దూరంగా తెచ్చి, వెనక దృశ్యం 15 మీటర్ల దూరాన ఉండేలా నిలబెడితే, ఎఫ్ 2లోనే 3.8 సెంటీమీటర్లు వస్తుంది. మసక పెరిగింది, పొర కూడా రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్లకు పెరిగింది. మీరు చెల్లెలిని గోడకు రెండు అడుగుల దూరంలో నిలబెట్టి ఎఫ్ 1.4తో కుస్తీ పట్టారు. నేను డబ్బు తీసుకుని చేసే పనుల్లో ఎక్కువ భాగం ఎఫ్ 2లో తీస్తాను. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఉంటే ఎఫ్ 4కు తక్కువ వెళ్ళను. అయితే పెద్ద అపర్చర్ పాత లెన్సుల్లో కొన్నిటికి అపర్చర్ మూసే కొద్దీ ఫోకస్ కాస్త వెనక్కి జరిగే గుణం ఉంటుంది. ఎఫ్ 2లో తీయాలనుకుంటే రింగును ఎఫ్ 2లో పెట్టే ఫోకస్ చేయండి, ఎఫ్ 1.4లో చేసి తరువాత మూయకండి.

నడిచి వచ్చే మనిషిని ఎలా తీస్తారని మీరు అడగలేదు కానీ రేపు అడుగుతారు. సినిమా వాళ్ళ పద్ధతి ఉంది. కృష్ణానగర్‌లో ఉండే ఒక ఫోకస్ పుల్లర్ (షూటింగులో ఫోకస్ చూసుకునే మనిషి) నాకు చూపించాడు. కెమెరా మీద అడ్డగీత ఉన్న చిన్న వృత్తం గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉన్న చోటు అది. అక్కడి నుంచి నటుడి కంటి దాకా టేపుతో కొలిచి, నేల మీద గుర్తు పెట్టి, అంకెలు రాసుకుంటారు. మనకు టేపు అక్కర్లేదు. నేల మీద ఒక రాయి పెట్టి, అక్కడ మనిషిని నిలబెట్టి కంటికి ఫోకస్ చేసుకుని, రింగు ముట్టకుండా, వెనక నుంచి నడిచి రమ్మనండి. రాయి దగ్గరికి వచ్చే అడుగులో వరసగా తీయండి.

ఇక ఆ వారం గడువులో చేయాల్సిన పరీక్ష. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి. ఒక తెలుగు దినపత్రికను అట్ట మీద అంటించి మీటరున్నర దూరంలో, 45 డిగ్రీలు వాలుగా నిలపండి. మధ్య వరసలో ఒక సున్నాను ఎర్ర పెన్నుతో చుట్టండి. ఎఫ్ 1.4లో, పెద్ద చేసిన బొమ్మలో ఆ సున్నాకు ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. మళ్ళీ ఫోకస్ చెడగొట్టి, మళ్ళీ చేసి తీయండి. ఇలా పదిసార్లు. పాత లెన్సుల రింగు కాస్త వదులుగా ఉండవచ్చు కాబట్టి ప్రతిసారీ ఒకే వైపు నుంచి తిప్పుతూ రండి. పదింటిలో తొమ్మిది సున్నా దగ్గరే పదునుగా ఉంటే లెన్సుకు ఏ జబ్బూ లేదు. పదునైన వరస కుడివైపు పైకి, ఎడమవైపు కిందికి ఏటవాలుగా పోతుంటే మొదట అట్ట కెమెరాకు సూటిగా ఉందో లేదో చూడండి, ఉంటే లెన్సో అడాప్టరో వంకరగా ఉన్నట్టు. అప్పుడు మొహమాటపడకుండా తిరిగి ఇవ్వండి. అలాగే చీకటి గదిలో లెన్సు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, వానాకాలం వస్తే పెరుగుతుంది. అపర్చర్ రెక్కల మీద నూనె మెరిస్తే, ఎప్పుడూ ఎఫ్ 1.4లోనే తీసే మీకు ఇబ్బంది లేదు కానీ ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

పత్రిక పరీక్ష నెగ్గితే ఒక ఆదివారం పొద్దున్నే టాంక్‌బండ్‌కు వెళ్ళి విగ్రహాల ముందు సాధన చేయండి. వాళ్ళు ఊపిరి పీల్చరు, విసుక్కోరు, ఊగేది మీరొక్కరే. ఎత్తైన దిమ్మెల మీద ఉంటారు కాబట్టి దూరం ఎక్కువై పొర కూడా మందంగా దొరుకుతుంది, మొదటి రోజుకు అది మంచిదే. నడుము కదలిక అలవాటయ్యాక మీ చెల్లెలిని మళ్ళీ అడగండి. ఈసారి చేతులున్న కుర్చీ ఒకటి వెంట తీసుకెళ్ళండి. మోచేయి కుర్చీ చేతి మీద, గడ్డం అరచేతి మీద ఆనించి కూర్చోమనండి. దీన్‌దయాళ్ కాలపు ఇనుప ఊత చేసిన పనే అది, కాకపోతే ఫొటోలో అందంగా కూడా ఉంటుంది.